ముక్కుల్లేని పాత గోడలు

"బట్టీ పగిలింది! లాందీ, బట్టీ పగిలింది!"

మా ఆయన మూడు చక్రాల బండిని నిలబడి తొక్కుతూ, రొట్టెలమ్మేటప్పుడు మోగించే రబ్బరు బూరను ఆపకుండా నొక్కుతూ, మిట్టమధ్యాహ్నం వీధి చివరి నుంచి అరుచుకుంటూ వచ్చాడు. ఎదురింటావిడ సబ్బు చేతులతోనే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరికేమైంది మిలో?"

"బట్టీకి! నడినెత్తిన ఇంత పగులు!" అని మా ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. చేతులు వదిలేసరికి బండి నేరుగా వెళ్లి మా నారింజ చెట్టుకు గుద్దుకుంది. రెండు పుల్ల నారింజలు రాలి అతని ఒళ్లో పడ్డాయి. అయినా నవ్వు ఆపలేదు.

అంత మంచి కబురు నేను అంతకుముందు వినలేదు, కాలేజీ పాసయ్యానన్న కబురుతో సహా.

మా పెళ్లయి నలభై ఒక్క రోజులు. ఎవరూ అడగకపోయినా లెక్క నేనే పెట్టుకుంటున్నాను. మిలో మా ఊరు సుకాకాబ్‌లో దోన్ పౌలీనో గారి రొట్టెల కొట్లో తొమ్మిదేళ్లుగా బట్టీ ముందు నిలబడుతున్నాడు. పెళ్లైన మర్నాడు కూడా, జేబులో పెళ్లిపువ్వు ఇంకా వాడకముందే, నాలుగింటికి లేచి పిండి కలపడానికి పోయాడు. తర్వాత మూడుసార్లు సెలవడిగాడు. మూడుసార్లూ దోన్ పౌలీనోది ఒకటే జవాబు: "పెళ్లి చేసుకున్నది నువ్వు గానీ ఊరు కాదు కదా. ఊరికి రొట్టె కావాలి."

ఇప్పుడు ఇటుకలు తీసి మళ్లీ పేర్చాలి, మట్టి ఆరాలి, మూడు రోజులు నిప్పు పెట్టడానికి వీల్లేదని మేస్త్రీ చెప్పాడట. శని, ఆది, సోమ.

"దోన్ పౌలీనో తల పట్టుకుని కూర్చున్నాడు," అన్నాడు మిలో. "నేనూ ఆయన పక్కనే తల పట్టుకుని కూర్చున్నాను, నవ్వు కనబడకుండా."

మా అత్తయ్య నెల్సీ చూరు కింద చట్రం ముందు నిలబడి ఊయల అల్లుతోంది. చేతిలో దారం ఆపకుండానే అంది: "పాపం, వాళ్ల బట్టీ పగిలితే మీకు పండగా?"

"పాపమేనమ్మా. చాలా పాపం," అంటూ మిలో నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దించరా!" అని లోపలి నుంచి చీచ్ కేకేసింది. "దాని కాళ్లు తగిలి కోడిపిల్ల చస్తుంది."

చీచ్ అంటే మా ఆయన నాన్నమ్మ. అసలు పేరు ఫెలిసా. ఎనభై రెండేళ్లు. ఊళ్లో ముసలీ ముతకా కూడా ఆమెను చీచ్ అనే పిలుస్తారు.

మా ఇంటి గురించి ఒక్క మాట చెప్పకపోతే నా సంబరం ఎవరికీ అర్థం కాదు. మంచాల్లేవు, నలుగురం ఒకటే గదిలో ఊయలల్లో పడుకుంటాం. గదికి అడ్డంగా పువ్వుల దుప్పటి ఒకటి కట్టి ఉంటుంది. ఇటు మా ఇద్దరి ఊయల, అటు అత్తయ్యదీ చీచ్‌దీ. పెళ్లికి అత్తయ్య తన చేత్తో అల్లి ఇచ్చిన దంపతుల ఊయల మాది. అంత మెత్తటి ఊయల సుకాకాబ్‌లో ఇంకొకటి ఉండదు. కానీ మేము దాంట్లో గుసగుసలాడుకుంటే దుప్పటి అవతల నుంచి జవాబొస్తుంది. ఒకసారి మిలో నా చెవిలో "నీకు ఏ రంగు ఇష్టం?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అవతల నుంచి చీచ్, "ఆకుపచ్చ. నిన్న చెప్పింది కదరా, అప్పుడే మర్చిపోయావా?" అంది.

మిలో చిన్నాన్న తన గుండ్రటి పాత కారు ఎప్పుడు కావాలన్నా తీసుకెళ్లమని పెళ్లినాడే మాటిచ్చాడు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న: ఎక్కడికి?

ప్రశ్న కూడా కాదు అసలు. మా మాయా పూర్వీకులు కట్టిన పాత కట్టడాలు చూద్దామని ఎప్పుడో అనుకున్నాం. ఏవి అన్నదే తేలలేదు.

"మన పెరట్లో ఉన్న దిబ్బ కూడా వాళ్లు కట్టిందే," అంది అత్తయ్య. "దాని మీద టర్కీ కోళ్లు పడుకుంటున్నాయి. ఇంకా దూరం పోయి చూసేదేముంది?"

"దాని మీద మేము పడుకోలేం కదమ్మా," అన్నాడు మిలో. నేను సిగ్గుతో నారింజలు ఏరుకునే నెపం మీద వంగిపోయాను.

ఈ ఇంట్లో నలుగురూ కలిసి తేల్చుకోవాల్సిన ఏ సంగతైనా మొక్కజొన్న గింజలతోనే తేలుతుంది. తలుపుకు ఏ రంగు వెయ్యాలి, ఏ పందిని అమ్మాలి, అన్నీ అలాగే. గిన్నెలు వరుసగా పెడతారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క గింజ వేస్తారు. ఎవరి గింజ రంగు వాళ్లది. అత్తయ్యది తెల్లది, మిలోది పచ్చది, చీచ్‌ది నల్లది. రెండు గిన్నెలు సమానంగా వస్తే పెద్దవాళ్ల గింజ ఉన్న గిన్నె గెలిచినట్టు.

చీచ్ మూలనున్న బుట్టలో చాలాసేపు వెతికి నా అరచేతిలో ఒక గింజ పెట్టింది. ఎర్రది. కోడి కన్నంత ఎర్రది.

"ఇది నీది. మళ్లీ మళ్లీ ఇదే వాడుకో, పారేసుకోకు."

ఇది చిన్న సంగతే. కానీ పెళ్లినాడు చర్చిలో కూడా నేను ఈ ఇంటిదాన్నయ్యానని అంత గట్టిగా అనిపించలేదు. ఆ గింజను చాలాసేపు గుప్పిట్లోనే పట్టుకున్నాను. వేసే సమయానికి అది చెమటతో తడిసింది.

నాలుగు కాఫీ కప్పులు పెట్టి సుద్దతో పేర్లు రాశాను. మొదటిది ఉష్మాల్, ఎత్తైన మెట్ల గుడి ఉన్న చోటు. అది నాది. కాలేజీలో మా తరగతంతా అక్కడికి వెళ్లిన రోజున నాకు గవదబిళ్లలు. రెండు బుగ్గలూ ఉబ్బించుకుని కిటికీలోంచి బస్సుకు చేయి ఊపాను. ఆ తర్వాత దాని మీద ముప్పై పేజీల వ్యాసం రాశాను, మంచి మార్కులొచ్చాయి, బడిలో పిల్లలకు బొమ్మలు చూపించి పాఠం చెబుతున్నాను. దాని మెట్టు మీద మాత్రం ఒక్క అడుగు కూడా పెట్టలేదు.

రెండోది కలక్‌ముల్. అది మిలోది.

"పైకెక్కితే నాలుగు దిక్కులా అడివే అంట. ఇల్లు లేదు, రోడ్డు లేదు, కోతుల అరుపులొక్కటే. తొమ్మిదేళ్లు బట్టీలో మొహం పెట్టినవాడికి గాలి కావాలా వద్దా?"

"కోతుల అరుపులు ఇక్కడ నీ బూరలో ఉన్నాయిగా," అన్నాను.

మూడోది చీచెన్ ఇట్సా, అత్తయ్యకోసం. "ఆ పక్క ఊళ్లోనే మా చెల్లెలు ఉంది. దాని కోడలికి ఈ ఊయల ఇచ్చి రావచ్చు," అంది.

"అమ్మా, దాన్ని యాత్ర అనరు, పార్సిల్ అంటారు."

నాలుగోది ఏక్ బాలాం. ఎవరూ అడగలేదు గానీ ఖాళీ కప్పు ఉంది కదా అని రాశాను.

చీచ్ కప్పుల ముందు వంగి ఒక్కొక్కటే చూసింది. ఆమెకు చదువు రాదు. నేను చదివి వినిపించాను. తల అడ్డంగా ఊపింది.

"ష్లపాక్ లేదా?"

"ష్లపాకా?"

"ష్లపాక్. మీకు అదే బాగుంటుంది."

నేను గోడకున్న పటంలో చూశాను. ఉంది! ఉష్మాల్ దారిలో, లబ్నా, సయీల్ అనే ఇంకో రెండు పాత కట్టడాల మధ్య ఆవగింజంత చుక్క, పక్కన 'ష్లపాక్' అని చిన్న అక్షరాలు. ఒక్క చిన్న కట్టడం, పది నిమిషాల్లో చూసేసి బయటకు రావచ్చు. పెద్దావిడకు ఇదెలా తెలుసా అని ఆశ్చర్యపోతూ ఏక్ బాలాం చెరిపేసి ష్లపాక్ అని రాశాను.

గింజలు పడ్డాయి. ఉష్మాల్‌లో ఎర్రది. కలక్‌ముల్‌లో పచ్చది. చీచెన్ ఇట్సాలో తెల్లది. చివరిగా చీచ్ తన నల్ల గింజను ష్లపాక్ కప్పులో వేసి, అది అడుగున టంగుమని మోగితే, "ఎన్నేళ్లయిందో!" అంది.

ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి.

"పెద్దవాళ్లది," అని అత్తయ్య తేల్చేసి మళ్లీ చట్రం దగ్గరికి పోయింది.

అంతవరకూ నాకు బాధేం లేదు. నా ఎర్రగింజ ఓడిపోయినా అది ఒక గింజగా లెక్కకొచ్చింది కదా, అదే సంతోషం. పైగా ష్లపాక్ నుంచి ఉష్మాల్ ఎంతో దూరం లేదు, రెండూ చూడొచ్చు. మిలో కూడా, "మన ఇద్దరం ఉంటే కోళ్ల దిబ్బయినా కలక్‌ములే," అన్నాడు.

కాసేపటికి చీచ్ పెట్టె తెరిచింది. అడుగు నుంచి తన మంచి హిపీల్ తీసింది. మెడ చుట్టూ, అంచు చుట్టూ ఊదా పువ్వులు కుట్టిన తెల్లటి అంగీ అది. నేను చూసినంతలో మా పెళ్లికి తప్ప దాన్ని బయటకు తీయలేదు. దులిపి ఎండలో తీగ మీద వేసింది. దాని పక్కనే శాలువా వేసింది. చెప్పులు కడిగి గోడకు ఆనించింది.

నేనూ మిలో ఒకరినొకరు చూసుకున్నాం. ఇద్దరం వెనక బట్టలుతికే తొట్టి దగ్గరికి నడిచాం.

"వస్తుందా?" అన్నాను.

"వస్తున్నట్టే ఉంది."

"నువ్వు రమ్మన్నావా?"

"నేనెందుకంటాను! నువ్వన్నావా?"

"నేనెందుకంటాను!"

ఇద్దరం తొట్టి అంచు మీద కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఉన్నదున్నట్టు చెబుతున్నాను. చీచ్ అంటే నాకు ప్రాణం. కానీ నలభై ఒక్క రోజుల నుంచి నేను కోరుకున్నది ఒక్కటే: నేను మిలోను ఏదైనా అడిగితే మిలో మాత్రమే జవాబు చెప్పే ఒక గది. రెండే రెండు రాత్రులు చాలు. ఉష్మాల్ పక్క ఊరు శాంత ఎలేనాలో ఒక ముసలావిడ యాత్రికులకు గదులిస్తుందని మా కాలేజీ స్నేహితురాలు చెబితే గింజలు వేయకముందే ఫోన్ నంబరు కూడా తెప్పించుకున్నాను.

మిలో ఆ నంబరుకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు.

"ఒక గది ఉంది నాయనా," అంది ఆవిడ. "ఎందరు?"

మిలో నావైపు చూశాడు. నేను తొట్టిలోకి చూశాను.

"గదిలో ఊయల కొక్కేలు ఎన్ని?" అని అడిగాడు, జవాబు చెప్పకుండా.

"మూడు ఊయలలు కట్టుకోవచ్చు. నడుమ దుప్పటి కావాలంటే అది కూడా ఇస్తాను."

మిలో ఫోన్ పెట్టేశాడు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. నా నవ్వు మధ్యలో ఏడుపయింది, మళ్లీ నవ్వయింది.

"నేను చెబుతాలే," అన్నాడు మిలో, నా చెంప తుడుస్తూ. "చీచ్, ఈసారికి మేమిద్దరం, వచ్చేసారి నువ్వు అని చెబుతాను. ఏం అనుకోదు."

"అనుకుంటుంది."

"అనుకుంటుంది," అని ఒప్పుకున్నాడు. "కానీ నువ్వు చెప్పమంటే చెబుతాను. నిజంగా."

చెప్పమందామనే అనుకున్నాను. నోటిదాకా వచ్చింది.

"లాందీ! ఇలా రా, ఈ సూదికి కళ్లు లేవు!" అని పెరట్లోంచి చీచ్ పిలిచింది.

వెళ్లాను. హిపీల్ అంచున ఒక ఊదా పువ్వు ఊడి దారం వేలాడుతోంది. చీచ్ ముక్కాలిపీట మీద కూర్చుని సూదిని ఆకాశానికి ఎత్తి పట్టుకుని ఉంది. నేను దారం ఎక్కించి ఇచ్చాను. ఆమె వేళ్లు వణికినా కుట్టు వణకలేదు.

"మీ తాత సోస్తెనెస్ పోయాక నేను ఈ ఊరు పొలిమేర దాటలేదే పిల్లా," అంది, పువ్వు రెక్కను నొక్కిపెట్టి. "పదకొండేళ్లు. రేపు దాటుతున్నాను చూడు. కారులో కిటికీ పక్కన కూర్చుంటాను. కిటికీ తెరుచుకుంటుందా ఆ కారుకి?"

"ఒకవైపు తెరుచుకుంటుంది, చీచ్."

"ఆవైపు నాది."

పదకొండేళ్లు. నేను సెలవుల్లో ఒక్క వారం ఇంట్లో ఉంటేనే చిరాకు పడతాను. ఆ మాట విన్నాక ఇక చెప్పమనలేకపోయాను. తొట్టి దగ్గరికి తిరిగెళ్లి మిలోతో అన్నాను:

"ఏం మాట్లాడకు. ఆవిడకు ఫోన్ చేసి మూడు ఊయలలని చెప్పు."

"ఉష్మాల్?"

"ఆ మెట్లు చీచ్ ఎక్కలేదు. కింద ఒక్కదాన్నే కూర్చోబెట్టి మనం ఎక్కుతామా? ష్లపాక్ చూద్దాం, లబ్నా చూద్దాం, నెమ్మదిగా వద్దాం. ఉష్మాల్ ఎక్కడికీ పోదు."

మిలో నన్ను వింతగా చూశాడు. "నువ్వు చాలా మంచిదానివి," అన్నాడు.

"కాదు. లోపల ఇంకా ఏడుస్తున్నాను. దుప్పటి మాత్రం వద్దని చెప్పు, అక్కడ కూడా ఎందుకు!"

తర్వాత రెండు గంటలు నేను పంతులమ్మనైపోయాను. కాగితం మీద దారంతా గీశాను. చీచ్ కాళ్లు చాపుకోవడానికి ఎక్కడెక్కడ ఆగాలో రాశాను. ఉష్మాల్‌ను కొట్టేశాను, ఒకసారి, గట్టిగా. చూస్తూ ఉంటే మళ్లీ రాస్తానేమోనని దాని మీద రెండో గీత కూడా గీశాను. నాలుగింటికి ఎప్పటిలాగే వాన వచ్చింది. చీచ్ హిపీల్‌ను అత్తయ్య పరుగెత్తి లోపలికి తెచ్చింది.

వాన తగ్గాక నలుగురం చూరు కింద కాఫీకి కూర్చున్నాం. పగిలిన బట్టీలోంచి వచ్చిన ఆఖరి తీపి రొట్టెలు బల్ల మీద ఉన్నాయి. ఒకవైపు మాడిపోయాయి. మిలో మాడినవైపు తాను తిని మంచివైపు నాకు తుంచి పెడుతున్నాడు. అత్తయ్య చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

"చీచ్, రేపు మీరు చూడబోయేది ఇదీ," అని నేను ఫోన్‌లో ష్లపాక్ బొమ్మ తీసి ఆమె ముందు పెట్టాను.

చీచ్ కళ్లు చికిలించి చూసింది. వేలితో అద్దం మీద తాకింది. బొమ్మ పెద్దదైంది. వాన దేవుడు చాక్ మొహాలు, వాటికి ఏనుగు తొండాల్లా ముందుకు పొడుచుకొచ్చి వంకర తిరిగిన రాతి ముక్కులు.

"ఇవేమిటే?"

"ముక్కులు."

"ఎవరి ముక్కులు?"

"చాక్‌వి. ష్లపాక్ గోడ మీద ఉంటాయి కదా."

"నా ష్లపాక్‌కి ముక్కుల్లేవు," అంది చీచ్, నిక్కచ్చిగా.

"ఉంటాయి చీచ్, మూడు వైపులా..."

"నాకు తెలీదా? మూడు వారాలు దాంట్లో కాపురం చేశాను! ముక్కుంటే కనబడదా? ఒక్క ముక్కు కూడా లేదు. గోడ మీద ఎర్రటి చేతి గుర్తులున్నాయి. వంపు కప్పు, సగం పడిపోయింది. బయట సపోటా చెట్టు."

మిలో రొట్టె నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "కాపురమా?"

నాకు ఒళ్లంతా వేడెక్కింది. మా భాషలో 'ష్లా' అంటే పాతది, 'పాక్' అంటే గోడ. పాత గోడలు. అడవిలో రాయి మీద రాయి నిలబడి ఉన్న ప్రతి చోటూ మా పెద్దవాళ్లకు ష్లపాకే. ఎవరో పటం గీసేవాడు ఒకచోట ఆగి, దీన్నేమంటారు అని అడిగితే, పాత గోడలు అని చెప్పి ఉంటారు, వాడు దాన్నే పేరుగా రాసుకుని ఉంటాడు. ఇదంతా నాకు తెలుసు. మాయా భాషలో పట్టా తీసుకున్నదాన్ని! పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది, రాశాను కూడా. అయినా చీచ్ నోట ఆ మాట వినగానే దాని అర్థం వదిలేసి పటం వైపు పరుగెత్తాను.

"చీచ్," అన్నాను, "మీ పాత గోడలు ఎక్కడున్నాయి?"

"చున్‌యా దగ్గర. బినా ఉండే పల్లె దాటాక ఎర్రమట్టి దారిలో." బినా ఆమె చెల్లెలు. "కారులో గంట కూడా పట్టదు."

"అక్కడ కాపురమేంటత్తయ్యా?" అంది మా అత్తయ్య. ఆమె దారం పక్కన పెట్టేసింది. దారం పక్కన పెట్టడం నేను అదే చూడ్డం.

చీచ్ కాఫీ ఊదుకుని తాగింది. అందరం చూస్తున్నామని తెలిసి నెమ్మదిగా తాగింది.

"నా పెళ్లప్పుడు మా అత్తగారింట్లో పదకొండుమందిమి. మధ్యలో దుప్పటి కూడా లేదు. మీ తాతతో నేను పెళ్లైన నెల దాకా ఒక్క మాట సొంతంగా మాట్లాడలేదు. ఆయన గొంతు ఎలా ఉంటుందో సరిగా తెలీదు నాకు. ఆ ఏడు మొక్కజొన్న కంకి పట్టే టైముకి చిలకలు పడ్డాయి. చేను దూరం, కాపలాకి ఎవరన్నా పోవాలన్నారు. మీ తాత నేను పోతానన్నాడు. వంటకి మనిషి కావాలన్నాడు."

"తాత అంత తెలివైనవాడా?" అన్నాడు మిలో.

"నీకంటే. చేను పక్కనే ఈ పాత గోడలు. ముందు ఆ చోటిని కాసే కనబడని పెద్దలకు సకా, అదే మొక్కజొన్న జావ, నేల మీద పోసి, ఇద్దరమే ఉంటాం, కొన్నాళ్లు చోటివ్వండి అని అడిగాడు. తర్వాత లోపల ఊయల కట్టాడు. వానొస్తే ఒక మూలకి, ఎండొస్తే ఇంకో మూలకి. మూడు వారాలు. అప్పుడు తెలిసింది, ఆయన నిద్రలో నవ్వుతాడని. చిలకల్ని తోలమంటే వాటితో మాట్లాడతాడని. సగం చేను తినేశాయి అవి. మా మామగారు ఇద్దర్నీ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు."

చీచ్ నవ్వింది. మేమూ నవ్వాం. ఆ నవ్వులో నాకు ఎక్కడినుంచో ధైర్యం వచ్చింది.

"అయితే తప్పకుండా అక్కడికే పోదాం, చీచ్. మీరు ముందు నడుద్దురుగాని. ఆ గదిలో మీకు కుర్చీ వేస్తాం."

చీచ్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"నేనెందుకే అక్కడికి?"

"మరి... గింజ వేశారు కదా? హిపీల్..."

"గింజ మీకోసం వేశాను. ఎవరు పోతున్నారు యాత్రకి? మీరు. కొత్త మొగుడూ పెళ్లాలకి ఏ చోటు మంచిదని కదా అడిగారు? నాకు తెలిసిన చోటు చెప్పాను. హిపీల్ బినా ఇంటికి. ఎలాగూ మీ దారే కదా, నన్ను దాని గుమ్మంలో దింపి పోతారనుకున్నాను. పదకొండేళ్లయింది దాని వంట తిట్టి."

మిలో రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పొద్దున దోన్ పౌలీనో పక్కన కూర్చున్నట్టే.

"అంటే మధ్యాహ్నం నుంచీ..." అన్నాను. "మీరు మాతో వస్తున్నారనుకున్నాను. తొట్టి దగ్గర ఏడ్చాను కూడా. తర్వాత రావాలనే అనుకున్నాను, నిజంగా, మూడు ఊయలలు కూడా చెప్పించాను..."

"ఏడ్చావని తెలుసు. పుల్ల నారింజ నమిలినట్టు మొహం పెట్టుకుని సూదిలో దారం ఎక్కించావు. ఆ మెట్ల కొండ చూడ్డానికి లేదని ఏడుస్తున్నావనుకున్నాను. పంతులమ్మకి ఇంత చిన్న మనసేంటా అనుకున్నాను." చీచ్ నా మోకాలి మీద చేయి వేసింది. "నాకోసం ఏడ్చావా! నేను రాకూడదనా?"

"అవును," అన్నాను. ఇంకేం చెప్పను?

చీచ్‌కి నవ్వాగలేదు. దగ్గొచ్చేదాకా నవ్వింది. అత్తయ్య లేచి వీపు రాసింది. అత్తయ్య కూడా నవ్వుతోంది.

"మంచిది," అంది చీచ్, కళ్లు ఒత్తుకుంటూ. "మా అత్తగారు ఎక్కడ వెంటొస్తుందోనని నేను రెండు రోజులు ఏడ్చాను. నువ్వు ఒక్క పూటలో సరిపెట్టావు."

"కానీ మీకు చూడాలని లేదా?" అన్నాను. "ఒక్కసారి?"

ఆమె కొంచెంసేపు చూరు నుంచి పడుతున్న చుక్కల్ని చూసింది.

"ఒక్కదాన్నే చూసి ఏం చేసుకుంటాను? అది ఇద్దరికి సరిపోయే గది. మీరు చూసొచ్చి చెప్పండి, ఎర్ర చేతులు ఇంకా ఉన్నాయో లేవో." వెంటనే గొంతు మార్చింది. "సపోటాలు పండి ఉంటే బినాకి తెచ్చిపెట్టండి. అది కాయలకోసం ప్రాణమిస్తుంది."

నేను కాగితం తీశాను. కొట్టేసిన ఉష్మాల్ కింద మళ్లీ ఉష్మాల్ అని రాశాను. మిలో నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని దాని పక్కన కలక్‌ముల్ అని రాశాడు. నేను లాక్కుని కొట్టేశాను. అతను మళ్లీ రాశాడు.

"రెండూ ఒక్క యాత్రలో కుదరవు. నీకు దారి తెలుసా అసలు?"

"నీకు మెట్లు ఎన్నున్నాయో తెలుసా అసలు?"

"తెలుసు. ముప్పై పేజీలు రాశాను."

"అయితే ఆ పేజీల మీంచి దిగి నాతో అడివికి రా."

"ఇచ్చెయ్యండి ఇటు," అని చీచ్ కాగితం లాక్కుంది. తలకిందులుగా పట్టుకుని, చదివినట్టే కాసేపు చూసి, మడిచి తన కప్పు కింద పెట్టింది. "పెద్దవాళ్ల గింజ గెలిచిందా లేదా? అయితే వినండి. రేపు తెల్లారగానే బయల్దేరదాం. తెరుచుకునే కిటికీ నాది. బినా గుమ్మంలో నన్ను దింపండి. లోపలికొచ్చి కూర్చోకండి, అది మిమ్మల్ని మధ్యాహ్నం దాకా వదలదు. సకా నేను పొద్దున్నే కలిపి సీసాలో పోసిస్తాను, ముందు అది పోసి అడిగి తర్వాతే గోడల్లో అడుగు పెట్టండి. రేపు పగలంతా అక్కడే ఉండండి. సాయంత్రం అక్కడినుంచి కోతుల దగ్గరికి పోతారో, మెట్ల దగ్గరికి పోతారో మీరిద్దరే కొట్టుకోండి. మధ్యలో మేమెవ్వరం ఉండం కదా, బాగా గట్టిగా కొట్టుకోవచ్చు. సోమవారం పొద్దుగూకాక వచ్చి నన్ను తీసుకెళ్లండి. అంతకంటే ముందొచ్చి తలుపు కొట్టారో, బినా తీసినా నేను తీయనివ్వను."